సంభావ్యత: హారంతో మొదలుపెట్టి నేర్చుకునే పద్ధతి

పదో తరగతి గణిత పాఠ్యపుస్తకంలో సంభావ్యత చివరి అధ్యాయం. చివరిది కావడం వల్ల, పరీక్షలు దగ్గరపడే రోజుల్లో ఒక సూత్రం చెప్పి, నాలుగు లెక్కలు చేయించి ముగించేసే అధ్యాయంగా కూడా ఇదే మిగిలిపోతోంది. సూత్రం చూడటానికి చాలా చిన్నది. అనుకూల పర్యవసానాల సంఖ్యను మొత్తం పర్యవసానాల సంఖ్యతో భాగిస్తే సంభావ్యత వస్తుంది. ఇంత చిన్న సూత్రంలో కష్టమేముంటుందని పిల్లలు అనుకుంటారు కానీ, జవాబు తప్పినప్పుడు ఎక్కడ తప్పిందో మాత్రం వారికి అంతుబట్టదు. తిరుపతి, చిత్తూరు ప్రాంతాల పిల్లలకు ఈ పాఠం చెబుతున్న అనుభవంతో నేను గట్టిగా నమ్మేది ఒకటుంది. ఈ లెక్కల్లో తప్పు చాలావరకు హారం దగ్గరే జరుగుతుంది. మొత్తం పర్యవసానాలు ఎన్ని, అవన్నీ సమానమైన అవకాశం ఉన్నవేనా అనే రెండు ప్రశ్నలకు సరైన జవాబు దొరికితే లవం రాయడం పెద్ద పని కాదు. అందువల్ల ఈ మార్గదర్శిలో సగానికి పైగా హారం గురించే ఉంటుంది.

చదవడానికి కూర్చునే ముందు ఒక నోటు పుస్తకం, ఒక ఐదు రూపాయల నాణెం, ఒక రెండు రూపాయల నాణెం, ఒకవైపు అరగదీసిన నాలుగు చింతగింజలు దగ్గర పెట్టుకోండి. చింతగింజలు ఎందుకో మూడో అడుగులో తెలుస్తుంది.

మొదటి అడుగు: ప్రయోగం యాదృచ్ఛికమేనా అని చూసుకోవడం

ఒక పని చేస్తే ఏయే ఫలితాలు రావచ్చో ముందే తెలిసి, వాటిలో ఏది వస్తుందో మాత్రం ముందుగా చెప్పలేకపోతే, ఆ పనిని యాదృచ్ఛిక ప్రయోగం అంటారు. నాణెం ఎగరేస్తే బొమ్మగానీ బొరుసుగానీ పడుతుందని తెలుసు, ఏది పడుతుందో తెలియదు. పాచిక వేస్తే 1 నుంచి 6 వరకు ఏదో ఒక అంకె వస్తుందని తెలుసు, ఏ అంకో తెలియదు. ఇవి యాదృచ్ఛిక ప్రయోగాలు. 12ను 7తో గుణించడం యాదృచ్ఛిక ప్రయోగం కాదు, ఎందుకంటే ఎన్నిసార్లు గుణించినా 84 తప్ప మరొకటి రాదు.

మన ఊరివారందరికీ తెలిసిన ఉదాహరణ ఒకటి ఉంది. తిరుమల శ్రీవారి ఆర్జిత సేవల్లో సుప్రభాతం, తోమాల, అర్చన వంటి సేవల టికెట్లను దేవస్థానం ఎలక్ట్రానిక్ డిప్ పద్ధతిలో కేటాయిస్తుంది. ఆన్‌లైన్‌లో పేర్లు నమోదు చేసుకున్నవారిలో కొందరిని యంత్రం యాదృచ్ఛికంగా ఎంపిక చేస్తుంది. ఎవరెవరి పేర్లు పోటీలో ఉన్నాయో ముందే తెలుసు, ఎవరికి వస్తుందో తెలియదు. జనం లక్కీ డిప్ అని పిలుచుకునే ఈ పద్ధతి అచ్చమైన యాదృచ్ఛిక ప్రయోగం. దీని దగ్గరికి మళ్లీ వస్తాం, ఎందుకంటే చాలామంది పెద్దలు కూడా తప్పుగా ఆలోచించే విషయం ఒకటి ఇందులో ఉంది.

రెండో అడుగు: పర్యవసానాలను ఒక్కటీ వదలకుండా రాయడం

ప్రయోగంలో వచ్చే ఒక్కొక్క ఫలితాన్ని పర్యవసానం అంటారు. సాధ్యమయ్యే పర్యవసానాలన్నింటినీ చేర్చిన సమితి పేరు ప్రతిరూప ఆవరణం. కొన్ని పుస్తకాల్లో దీన్నే శాంపుల్ స్పేస్ అని రాస్తారు. ఈ సమితిలో ఎన్ని మూలకాలు ఉంటాయో ఆ సంఖ్యే మన హారం అవుతుంది. కాబట్టి దీన్ని మనసులో ఊహించుకొని వదిలేయకూడదు, కాగితం మీద రాయాలి.

ఒక నాణేనికి రెండు పర్యవసానాలు, ఒక పాచికకు ఆరు. ఇంతవరకు ఎవరూ తప్పరు. రెండు నాణేలను ఒకేసారి ఎగరేయమన్నప్పుడు అసలు చిక్కు మొదలవుతుంది. రెండూ బొమ్మలు, రెండూ బొరుసులు, ఒకటి బొమ్మ ఒకటి బొరుసు అని మూడు పర్యవసానాలు రాసి, ఒక్కొక్కదానికి 1/3 ఇచ్చేవాళ్లు తరగతిలో కచ్చితంగా ఉంటారు. ఇలా తడబడినవాళ్లలో గొప్ప గణితవేత్తలూ ఉన్నారు. 18వ శతాబ్దపు ఫ్రెంచి పండితుడు డాలంబెర్ రెండు ఎగురవేతల్లో కనీసం ఒక్క బొమ్మయినా పడే సంభావ్యత 2/3 అని వాదించాడు. మొదటిసారే బొమ్మ పడితే ఆట అక్కడితో ముగుస్తుంది కాబట్టి, మొదట బొమ్మ, బొరుసు తరువాత బొమ్మ, బొరుసు తరువాత బొరుసు అనే మూడు సందర్భాలే ఉన్నాయని, ఆ మూడూ సమానమని ఆయన లెక్క. సరైన జవాబు 3/4.

ఎందుకో ఇప్పుడు మీ చేతిలోని నాణేలతో చూడండి. ఐదు రూపాయల నాణెం, రెండు రూపాయల నాణెం వేరువేరు వస్తువులు. ఐదు బొమ్మ పడి రెండు బొరుసు పడటం ఒక పర్యవసానం, ఐదు బొరుసు పడి రెండు బొమ్మ పడటం మరొక పర్యవసానం. కాబట్టి మొత్తం నాలుగు: (బొమ్మ, బొమ్మ), (బొమ్మ, బొరుసు), (బొరుసు, బొమ్మ), (బొరుసు, బొరుసు). రెండూ ఒకే విలువగల కొత్త నాణేలై, చూడటానికి తేడా తెలియకపోయినా ఈ లెక్క మారదు. మన కంటికి తేడా కనిపించకపోయినంత మాత్రాన రెండు నాణేలు ఒకటైపోవు. కనీసం ఒక బొమ్మ ఉన్నవి ఈ నాలుగింటిలో మూడు కనుక జవాబు 3/4.

మూడు నాణేలైతే 2 × 2 × 2 = 8 పర్యవసానాలు. వీటిని రాయడానికి వృక్ష చిత్రం గీయడం అన్నిటికన్నా భద్రమైన పద్ధతి. మొదటి నాణేనికి రెండు కొమ్మలు గీసి, ప్రతి కొమ్మ చివర రెండో నాణేనికి రెండేసి కొమ్మలు, వాటి చివర మూడో నాణేనికి రెండేసి కొమ్మలు గీస్తే చివరికి ఎనిమిది కొనలు వస్తాయి. ఒక్కొక్క కొన ఒక్కొక్క పర్యవసానం.

రెండు పాచికలకు వృక్ష చిత్రం కన్నా పట్టిక సులువు. అడ్డంగా 1 నుంచి 6, నిలువుగా 1 నుంచి 6 రాసి గళ్లు గీస్తే 36 గళ్లు వస్తాయి. ప్రతి గడిలో రెండు అంకెల మొత్తం రాయండి. 2 ఒక్క గడిలోనే కనిపిస్తుంది, 12 కూడా అంతే. 7 మాత్రం ఒక మూల నుంచి ఎదురు మూల దాకా ఏటవాలుగా ఆరు గళ్లలో వరుసగా నిలుస్తుంది. రెండు పాచికల మొత్తం 2 నుంచి 12 వరకు ఉంటుంది కాబట్టి 11 పర్యవసానాలని, 7 వచ్చే సంభావ్యత 1/11 అని రాసే పొరపాటు ఈ పట్టికను ఒక్కసారి చేత్తో గీసినవారి దగ్గర మళ్లీ కనిపించదు. సరైన జవాబు 6/36, అంటే 1/6. మూడు పాచికల మొత్తం 9 కన్నా 10 కొంచెం ఎక్కువసార్లు ఎందుకు వస్తోందని పాచికలాడేవారు అడిగితే గెలీలియో చెప్పిన జవాబూ ఇలాంటి జాబితాయే. మొత్తం 216 పర్యవసానాల్లో 9 వచ్చేవి 25, 10 వచ్చేవి 27.

పేకముక్కల లెక్కల గురించి ఒక మాట చెప్పాలి. చాలా ఇళ్లలో పిల్లలను పేక ముట్టుకోనివ్వరు, అది మంచిదే. కానీ పరీక్షలో ప్రశ్న వస్తుంది కాబట్టి కట్టలో ఏముంటుందో తెలియాలి. మొత్తం 52 ముక్కలు. ఆఠీను, డైమను ఎర్రవి, ఇస్పేటు, కళావరు నల్లవి. ఒక్కొక్క రకంలో 13 ముక్కలు ఉంటాయి: ఆసు, 2 నుంచి 10 వరకు అంకెలు, జాకీ, రాణి, రాజు. ముఖకార్డులు అంటే జాకీ, రాణి, రాజు మాత్రమే. ఆసు వాటిలోకి రాదు, కాబట్టి ముఖకార్డులు 12. ఇంతే గుర్తుంచుకుంటే చాలు.

మూడో అడుగు: అన్నీ సమసంభవాలేనా?

ఈ అడుగును పిల్లలు పూర్తిగా దాటవేస్తారు. అన్ని పర్యవసానాలకూ ఒకే అవకాశం ఉంటే వాటిని సమసంభవ పర్యవసానాలు అంటారు. పైన చెప్పిన చిన్న సూత్రం ఇలాంటి సందర్భంలోనే పనిచేస్తుంది. ఫ్రెంచి గణితవేత్త లాప్లాస్ 1812లో తన పెద్ద గ్రంథంలో సంభావ్యతను ఈ భిన్నంగానే వివరించినప్పుడు, అన్ని సందర్భాలూ సమానంగా సాధ్యమైనవై ఉండాలనే షరతును దానిలోనే చేర్చాడు. మనం సూత్రాన్ని పట్టుకొని షరతును వదిలేస్తున్నాం.

ఎలక్ట్రానిక్ డిప్‌నే తీసుకోండి. టికెట్ వస్తుంది లేదా రాదు, రెండే పర్యవసానాలు కాబట్టి వచ్చే సంభావ్యత 1/2 అని ఎవరైనా అంటే ఏం జవాబు చెప్పాలి? పర్యవసానాలు రెండే అన్న మాట నిజం, కానీ అవి సమసంభవాలు కావు. 1,000 మంది నమోదు చేసుకున్నారని, 50 టికెట్లు ఉన్నాయని, ఒక్కొక్కరికి ఒక్క టికెట్టేనని అనుకుందాం. ఇక్కడ సమాన అవకాశం ఉన్నది 1,000 మంది మనుషులకు. కాబట్టి ఒకరికి టికెట్ వచ్చే సంభావ్యత 50/1000, అంటే 1/20.

ఇప్పుడు చింతగింజలను చేతిలోకి తీసుకోండి. అష్టాచెమ్మా ఆడేటప్పుడు నాలుగు గవ్వలుగానీ, ఒకవైపు నేలకు రుద్ది తెల్లగా చేసిన నాలుగు చింతగింజలుగానీ వేస్తాం. నాలుగూ తెల్లవైపు పైకి పడితే చెమ్మ, అంటే 4. నాలుగూ నల్లవైపు పైకి పడితే అష్ట, అంటే 8. మిగిలినప్పుడు తెల్లగా పడినవి ఎన్నో అంత పందెం. ప్రతి గింజా రెండు వైపులకూ సమానంగా పడుతుందని ముందుగా అనుకుందాం. నాలుగు గింజలకు 2 × 2 × 2 × 2 = 16 పర్యవసానాలు. తెల్లవి ఒక్కటీ లేకుండా పడే పద్ధతి 1, ఒకటి తెల్లగా పడే పద్ధతులు 4, రెండు తెల్లగా పడేవి 6, మూడు తెల్లగా పడేవి 4, నాలుగూ తెల్లగా పడేది 1. మొత్తం 16 సరిపోయింది. అంటే చెమ్మకు 1/16, అష్టకు 1/16. రెండు గింజల పందెం పదే పదే పడుతూ, అష్ట కోసం చాలాసేపు ఎదురుచూడాల్సి రావడానికి కారణం ఈ 6కూ 1కీ ఉన్న తేడాయే.

అయితే ఒక గింజను తీసుకొని పక్కనుంచి చూడండి. రుద్దిన వైపు బల్లపరుపుగా ఉంటుంది, రెండోవైపు కాస్త ఉబ్బుగా ఉంటుంది. గవ్వ అయితే ఈ తేడా ఇంకా ఎక్కువ: ఒకవైపు గుండ్రటి వీపు, రెండోవైపు నోరు. ఇలాంటి వస్తువు రెండు వైపులకూ సమానంగా పడుతుందని ముందే నమ్మడానికి ఏ ఆధారమూ లేదు. నాణెం, పాచిక ఆకారంలో సౌష్ఠవం ఉంది కాబట్టి వాటి పర్యవసానాలను సమసంభవాలని ఒప్పుకుంటాం. ప్రశ్నల్లో నిష్పాక్షిక నాణెం, నిష్పాక్షిక పాచిక అని రాయడం ఈ ఒప్పందాన్ని గుర్తుచేయడానికే. సౌష్ఠవం లేని వస్తువు విషయంలో వేసి చూసి లెక్కపెట్టడం తప్ప దారి లేదు. ఆ పని ఎలా చేయాలో ఏడో అడుగులో చెబుతాను.

నాలుగో అడుగు: ఘటనను గుర్తించి భిన్నం రాయడం

ప్రతిరూప ఆవరణంలోంచి మనకు కావలసిన పర్యవసానాలను ఏరి చేర్చిన సమూహమే ఘటన. పాచిక వేసినప్పుడు సరిసంఖ్య రావడం ఒక ఘటన, దానికి 2, 4, 6 అనుకూల పర్యవసానాలు. ఒకే ఒక పర్యవసానం ఉన్న ఘటన ప్రాథమిక ఘటన. ఒక ప్రయోగంలోని ప్రాథమిక ఘటనలన్నింటి సంభావ్యతలను కూడితే 1 రావాలి.

మన చిత్తూరు మామిడితో ఒక లెక్క చేద్దాం. ఒక గంపలో 9 తోతాపురి, 7 బేనిషా, 4 నీలం కాయలు ఉన్నాయి. చూడకుండా ఒక కాయ తీస్తే అది బేనిషా అయ్యే సంభావ్యత ఎంత? మొత్తం 20 కాయలు, అనుకూలమైనవి 7, జవాబు 7/20. పరీక్షలో ఇలా రాస్తే పూర్తి మార్కులు వస్తాయి. కానీ మూడో అడుగు గుర్తున్న విద్యార్థి ఇక్కడ ఆగి ఒక ప్రశ్న అడగాలి. తోతాపురి కాయ చివర ముక్కులా వంగి ఉంటుంది, నీలం కాయ చిన్నది. కళ్లు మూసుకున్నా చేతికి తేడా తెలుస్తుంది. చేయి తనకు తెలియకుండానే ఒక రకాన్ని వదిలి మరొకదాన్ని పట్టుకుంటే 20 కాయలూ సమసంభవాలు కావు. నిజంగా ఈ ప్రయోగం చేయాలంటే కాయలకు 1 నుంచి 20 వరకు అంకెలు వేసి, అవే అంకెలను ఒకే కొలత చీటీల మీద రాసి, ఒకేలా మడిచి, బాగా కలిపి, ఒక చీటీ తీయాలి. పుస్తకాల్లో ఒకే పరిమాణంలో ఉన్న బంతులు అని ప్రత్యేకంగా రాసే కారణం ఇదే, ఆ మాటను అలంకారంగా భావించి దాటిపోకండి.

ఇదే గంపతో మరికొన్ని పదాలు తెలుసుకోవచ్చు. తీసిన కాయ మామిడి కావడం తప్పక జరిగేది, దాన్ని ఖచ్చిత ఘటన అంటారు, సంభావ్యత 1. తీసిన కాయ జామ కావడం అసాధ్య ఘటన, సంభావ్యత 0. మిగిలినవన్నీ ఈ రెంటి మధ్యనే ఉంటాయి. మీ జవాబు 7/5 అనో, −1/4 అనో వస్తే ముందుకు వెళ్లకుండా వెంటనే వెనక్కి వచ్చి సరిచూసుకోండి. తీసిన కాయ నీలం కాకపోవడం అనేది నీలం కావడానికి పూరక ఘటన. ఒక ఘటన, దాని పూరక ఘటన కలిస్తే 1 అవుతుంది కాబట్టి జవాబు 1 − 4/20 = 16/20, అంటే 4/5.

సంభావ్యత తక్కువగా ఉండటానికీ సున్నా కావడానికీ మధ్య తేడాను మనవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. ఈశాన్య రుతుపవనాల కాలంలో మనకు వానలు మామూలే అయినా, 2021 నవంబరులో తిరుపతి వీధులను ముంచెత్తిన వరద వంటిది అరుదు. అరుదైనది అసాధ్యం కాదు.

ఐదో అడుగు: ప్రశ్నలోని మాటలను ఒక్కొక్కటిగా చదవడం

కనీసం, గరిష్ఠంగా, సరిగ్గా అనే మూడు మాటల దగ్గర మార్కులు పోతాయి. మూడు నాణేలు ఎగరేశామనుకోండి. ఎనిమిది పర్యవసానాల్లో బొమ్మలు లేనిది 1, ఒక బొమ్మ ఉన్నవి 3, రెండు బొమ్మలు ఉన్నవి 3, మూడు బొమ్మలు ఉన్నది 1. సరిగ్గా రెండు బొమ్మలు అంటే 3/8. కనీసం రెండు బొమ్మలు అంటే రెండుగానీ మూడుగానీ, కాబట్టి 4/8, అంటే 1/2. గరిష్ఠంగా రెండు బొమ్మలు అంటే సున్నా, ఒకటి, రెండు, కాబట్టి 7/8. రెండుకు తక్కువ కాకుండా అంటే కనీసం రెండే, రెండుకు మించకుండా అంటే గరిష్ఠంగా రెండే. ప్రశ్న చదవగానే ఈ మాటల కింద గీత గీసి, ఏయే సంఖ్యలు లెక్కలోకి వస్తాయో పక్కనే రాసుకోండి.

కనీసం ఒకటి అని అడిగినప్పుడు నేరుగా లెక్కపెట్టడం కన్నా పూరక ఘటనను వాడటం తేలిక. మూడు నాణేల్లో కనీసం ఒక బొమ్మ పడటానికి పూరకం ఒక్క బొమ్మా పడకపోవడం, దాని సంభావ్యత 1/8. కాబట్టి జవాబు 1 − 1/8 = 7/8. నాణేలు పది అయినా ఇదే పద్ధతిలో ఒక్క వరుసలో జవాబు వస్తుంది: 1 − 1/1024.

ఆరో అడుగు: కూడాలా, గుణించాలా?

రెండు ఘటనలు ఒకేసారి జరగడానికి వీల్లేకపోతే అవి పరస్పర వర్జిత ఘటనలు. గంపలోంచి తీసిన ఒకే కాయ బేనిషా, నీలం రెండూ కాలేదు. అందువల్ల బేనిషా లేదా నీలం వచ్చే సంభావ్యత 7/20 + 4/20 = 11/20. కానీ పేకకట్టలోంచి తీసిన ముక్క రాజు లేదా ఆఠీను అయ్యే సంభావ్యత అడిగితే 4ను, 13ను కూడి 17/52 అనకూడదు. ఆఠీను రాజు రెండు జాబితాల్లోనూ ఉన్నాడు, ఆయనను రెండుసార్లు లెక్కపెట్టాం. ఒకసారి తీసేస్తే 16/52, అంటే 4/13.

ఒక ఘటన జరగడం రెండో ఘటన సంభావ్యతను మార్చకపోతే అవి స్వతంత్ర ఘటనలు. ఇలాంటివి రెండూ జరిగే సంభావ్యత కోసం గుణిస్తాం. ఇక్కడ మళ్లీ హారమే పరీక్ష పెడుతుంది. గంపలోంచి ఒక కాయ తీసి, చూసి, తిరిగి గంపలో వేసి, మళ్లీ తీస్తే రెండూ బేనిషా అయ్యే సంభావ్యత 7/20 × 7/20 = 49/400. మొదటి కాయను తిరిగి వేయకపోతే రెండోసారి గంపలో 19 కాయలే, వాటిలో బేనిషా 6 మాత్రమే. అప్పుడు 7/20 × 6/19 = 42/380, అంటే 21/190. తిరిగి ఉంచి, తిరిగి ఉంచకుండా అనే మాటలు ప్రశ్నలో కనిపించగానే రెండో భిన్నానికి హారం ఏమిటో తేల్చుకోండి. ఈ గుణకారాలు పై తరగతుల్లో మళ్లీ వివరంగా వస్తాయి, ఇప్పుడే అలవాటైతే ఇంటర్మీడియట్‌లో భయం ఉండదు.

చింతగింజలను ఇప్పుడు మరోసారి చూద్దాం. గింజ తెల్లవైపు పడే సంభావ్యత 1/2 కాకుండా 2/5 అని అనుకుందాం. అప్పుడు నల్లవైపు పడేది 3/5. నాలుగు గింజలూ స్వతంత్రంగా పడతాయి కాబట్టి చెమ్మ సంభావ్యత (2/5)ను నాలుగుసార్లు గుణిస్తే 16/625, అష్ట సంభావ్యత (3/5)ను నాలుగుసార్లు గుణిస్తే 81/625. ఒక్కొక్క గింజలో ఉన్న కొద్దిపాటి వంపు, నాలుగు గింజలు కలిసేసరికి అష్టను చెమ్మ కన్నా ఐదు రెట్లు సులువు చేసింది. సమసంభవాలేనా అని అడగకుండా 1/16 రాసేసి ఉంటే ఈ తేడా మనకు తెలిసేదే కాదు.

డిప్ విషయంలో చెబుతానన్న సంగతి ఇదీ. మూడు నెలలుగా టికెట్ రాలేదు కాబట్టి ఈ నెల తప్పక వస్తుందని చాలామంది అనుకుంటారు. ప్రతి నెలా కొత్తగా తీసే డిప్ ముందు నెలలకు స్వతంత్రమైనది. ప్రతి నెలా 1/20 అవకాశమే ఉంటే నాలుగో నెలలోనూ అది 1/20 మాత్రమే, యంత్రం పాత నెలలను గుర్తుపెట్టుకోదు. మరి మూడు నెలల్లో కనీసం ఒక్కసారైనా వచ్చే సంభావ్యత ఎంత? 3/20 అని తొందరపడకండి. పూరక ఘటన వాడితే 1 − (19/20 × 19/20 × 19/20) = 1141/8000, అంటే సుమారు 0.143. ప్రయత్నాలు ఎక్కువ చేస్తే మొత్తం మీద అవకాశం పెరుగుతుంది, కానీ ఏ ఒక్క నెల అవకాశమూ పెరగదు. ఈ రెండు వాక్యాలు ఒకదానికొకటి విరుద్ధం కావని అర్థమైన రోజున స్వతంత్ర ఘటనల పాఠం పూర్తిగా వచ్చినట్టే.

ఏడో అడుగు: వేసి చూసి, లెక్కపెట్టడం

సౌష్ఠవాన్ని నమ్మి కాగితం మీద లెక్కించేది సైద్ధాంతిక సంభావ్యత. ప్రయోగాన్ని అనేకసార్లు చేసి, ఘటన జరిగిన సార్లను మొత్తం సార్లతో భాగించేది ప్రయోగాత్మక సంభావ్యత. మన వైపు చెనక్కాయ రైతులకు ఈ రెండోది కొత్త కాదు. విత్తే ముందు వంద గింజలను తడిగుడ్డలో చుట్టి పెట్టి, కొన్ని రోజులకు ఎన్ని మొలిచాయో చూస్తారు. 86 మొలిస్తే ఒక గింజ మొలిచే సంభావ్యతను 0.86గా అంచనా వేసినట్టు. మొలుస్తుంది లేదా మొలవదు కాబట్టి సగం సగం అని ఏ రైతూ అనుకోడు. విత్తన ధ్రువీకరణలో వేరుశనగకు కనీసం 70 శాతం మొలక ఉండాలనే నియమం వెనక ఉన్నదీ ఇదే లెక్క.

ఎన్నిసార్లు చేస్తే నమ్మవచ్చు? ఫ్రాన్సుకు చెందిన బుఫోన్ నాణేన్ని 4,040 సార్లు ఎగరేస్తే 2,048 సార్లు బొమ్మ పడింది, అంటే 0.507. ఇంగ్లండు గణాంకవేత్త కార్ల్ పియర్సన్ 24,000 సార్లు ఎగరేస్తే 12,012 బొమ్మలు వచ్చాయి, అంటే 0.5005. ప్రయోగాల సంఖ్య పెరిగేకొద్దీ ఈ నిష్పత్తి అసలు సంభావ్యతకు చేరువవుతుందని యాకోబ్ బెర్నూలీ నిరూపించాడు, ఆ నిరూపణ ఉన్న గ్రంథం ఆయన మరణానంతరం 1713లో అచ్చయింది. పదిసార్లు ఎగరేసి ఏడు బొమ్మలు పడితే నాణెం చెడ్డదని తీర్మానించకూడదు, అది నిష్పాక్షిక నాణేనికీ జరిగేదే. అలాగే వరుసగా ఐదు బొమ్మలు పడ్డాక బొరుసు బాకీ ఉందని కూడా అనుకోకూడదు.

మీ చింతగింజల్లో ఒకదాన్ని 200 సార్లు వేసి, ప్రతి 20 సార్లకు ఒకసారి తెల్లగా పడినవెన్నో రాసి, అప్పటివరకు అయిన మొత్తంతో భాగించండి. ఆ దశాంశాలను ఒకదాని కింద ఒకటి రాస్తూ వెళితే మొదట్లో అటూ ఇటూ ఊగిన అంకె క్రమంగా ఒకచోట కుదురుకోవడం మీ కళ్లతోనే చూస్తారు. అది 0.5 దగ్గర ఆగుతుందా లేదా అనేది మీ గింజ చెప్పాలి. రుద్దినది ఎక్కువైందా తక్కువైందా అన్నదాన్ని బట్టి ఒక్కొక్కరి గింజకు ఒక్కొక్క జవాబు వస్తుంది, అందుకే తరగతిలో అందరూ చేయవలసిన ప్రయోగమిది.

అభ్యాసానికి రెండు లెక్కలు

మొదటిది: 1 నుంచి 25 వరకు రాసిన చీటీల్లోంచి ఒకటి తీస్తే అది 3 గుణిజం లేదా 5 గుణిజం అయ్యే సంభావ్యత ఎంత? హారం 25. 3 గుణిజాలు 8, 5 గుణిజాలు 5, రెండింటిలోనూ ఉన్న 15ను ఒకసారి తీసేస్తే అనుకూలమైనవి 12. జవాబు 12/25.

రెండోది పరీక్షల్లో తరచూ వచ్చేది: లీపు సంవత్సరంలో 53 ఆదివారాలు ఉండే సంభావ్యత ఎంత? 366 రోజుల్లో 52 వారాలు పోగా రెండు రోజులు మిగులుతాయి. ఆ రెండు రోజుల జతలు ఏడు: ఆది–సోమ, సోమ–మంగళ, మంగళ–బుధ, బుధ–గురు, గురు–శుక్ర, శుక్ర–శని, శని–ఆది. ఆదివారం ఉన్న జతలు రెండు, జవాబు 2/7. పరీక్షలో ఇదే రాయండి. అయితే ఈ ఏడు జతలూ నిజంగా సమసంభవాలేనా అని అడిగే పిల్లవాడు ఉంటే అతనికి ఈ సంగతి కూడా చెప్పాలి. మనం వాడే క్యాలెండరు 400 ఏళ్లకు ఒకసారి వారాలతో సహా అచ్చం అలాగే తిరిగి వస్తుంది. ఆ 400 ఏళ్లలో లీపు సంవత్సరాలు 97. 97ను 7 నిశ్శేషంగా భాగించదు కాబట్టి ఏడు జతలకూ సమాన వాటా రావడం అసాధ్యం. శనివారంతో మొదలయ్యే లీపు సంవత్సరాలు 13, ఆదివారంతో మొదలయ్యేవి 15. ఈ రెండు రకాల్లోనే 53 ఆదివారాలు వస్తాయి. కాబట్టి ఆ 97 లీపు సంవత్సరాల్లోంచి ఒకదాన్ని చీటీ వేసి తీస్తే సంభావ్యత 28/97. పుస్తకంలోని 2/7ను 28/98గా రాసి పక్కన పెట్టి చూడండి: లవాలు సమానం, తేడా హారంలో ఒక్క అంకె.